మాంటీ పైథాన్ స్కెచ్‌లను ఇంటిల్లిపాదికీ చూపించడం, ఆ పద్ధతిలో సొంత నాటిక కట్టడం ఎలా?

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లలకు పైథాన్ అనగానే గుర్తుకువచ్చేది కంప్యూటర్ భాష. ఆ భాషను రూపొందించిన గీడో వాన్ రోసమ్ దానికి ఆ పేరు పెట్టడానికి కారణం పాము కాదు. బీబీసీలో 1969 అక్టోబరు 5న మొదలై 1974 డిసెంబరు వరకు, నాలుగు విడతలుగా, మొత్తం 45 భాగాలు ప్రసారమైన ‘మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్’ అనే హాస్య కార్యక్రమం. ఆ భాష పాఠాల్లో ఉదాహరణలుగా స్పామ్ (ఒక రకం డబ్బా మాంసం), ఎగ్స్ అనే పేర్లు కనిపించడం కూడా అందులోని ఒక హోటల్ స్కెచ్ (చిన్న హాస్య ఘట్టం) పుణ్యమే. 2014 జూలైలో, దానిని తయారుచేసిన ఆరుగురి బృందంలో అప్పటికి మిగిలిన అయిదుగురూ లండన్ ఓ2 అరీనాలో మళ్లీ వేదిక ఎక్కబోతున్నారని తెలిసినప్పుడు మొదటి ప్రదర్శన టికెట్లు నిమిషంలోపే అమ్ముడుపోయాయి. చివరి భాగం ప్రసారమై అప్పటికి దాదాపు నలభై ఏళ్లు.

మన ఇళ్లలో మాత్రం ఈ కార్యక్రమాన్ని పూర్తిగా చూసినవారు తక్కువ. పేరు విని చూడబోయినవారు కూడా మొదటి భాగం మొదటి నిమిషం నుంచి మొదలుపెట్టి, అప్పటి ఇంగ్లండు రాజకీయ నాయకుల పేర్లు, టీవీ వ్యాఖ్యాతల అనుకరణలు, ఆ ఉచ్చారణ అన్నీ ఒక్కసారిగా మీద పడేసరికి ఆపేస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది ముందు, ఏది తరువాత చూడాలో చెప్పేవారుంటే ఆ ఇబ్బంది ఉండదు. ఈ వ్యాసం అందుకోసమే. చూపించడం ఎలాగో ముందు చెప్పి, చూసిన తరువాత ఆ పద్ధతిలో మన ఊరి నాటిక ఒకటి కట్టడం ఎలాగో తరువాత చెబుతాను. నా దృష్టిలో రెండవది లేకుండా మొదటిది సగం పనే.

ముందుగా, చూపించేవారు ఒక్క సంగతి బాగా గ్రహించాలి. ఈ హాస్యం ఇన్నేళ్లు నిలవడానికి కారణం అందులోని వింత కాదు, ఆ వింతను పాత్రలు మోసే తీరు. ఎంత అర్థంలేని పని చేసేవాడైనా దానిని గుమస్తా దస్త్రం రాసినంత శ్రద్ధగా చేస్తాడు. తాను హాస్యం చేస్తున్నట్టు ఏ పాత్రకూ తెలియదు. ఎదుటివాడు కోప్పడతాడు, బతిమాలతాడు, వాదిస్తాడు కానీ నవ్వడు. నవ్వు మొత్తం చూసేవారికే వదిలేస్తారు. పగటివేషగాడు పోలీసు వేషంలో వీధిలోకి వచ్చి కొట్టువాడిని లైసెన్సు చూపించమని గద్దించినప్పుడు, అతని ముఖంలో ఎక్కడా వేషం తొణకదు. ఆ నిబ్బరమే వేషాన్ని నిలబెడుతుంది. కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నదాన్ని లేదనిపించుకున్న అనుభవం ఉన్న ప్రతివారికీ, ఏ భాషవారికైనా, ఆ నిబ్బరం అర్థమవుతుంది. కాలం గడిచేకొద్దీ రాజకీయ నాయకుల మీద వేసిన విసుర్లు పాతబడ్డాయి కానీ, కౌంటరుకు అటూ ఇటూ నడిచే ఈ గొడవ పాతబడలేదు.

చూపించడానికి ఆరుగురు, ఏడుగురు చాలు. తక్కువమంది ఉంటే నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకదు. ఎక్కువమంది ఉంటే వెనుకవారికి మాటలు వినబడవు. ఫోను తెర మీద చూపించవద్దు, ఎందుకంటే ఈ కార్యక్రమంలో సగం విషయం తెర అంచుల్లో, వినేవాడి ముఖంలో ఉంటుంది. విజయవాడ ఎండల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు ఎలాగూ ఎవరూ గడప దాటరు కాబట్టి, వేసవి సెలవుల్లో చుట్టాల పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు, భోజనాలయ్యాక కొంచెం ఆగి మొదలుపెట్టడం మంచిది. బృందం అధికారిక యూట్యూబ్ ఛానెల్ 2008 నుంచి ఉంది. ప్రసిద్ధమైన స్కెచ్‌లు చాలావరకు అక్కడే దొరుకుతాయి. ఇంట్లో నలుగురూ కూర్చుని చూడటానికి అది సరిపోతుంది. హాలు తీసుకుని బహిరంగంగా ప్రదర్శించాలంటే మాత్రం హక్కుదారుల అనుమతి కావాలి, అది వేరే వ్యవహారం.

పెద్దవారిని తప్పక కూర్చోబెట్టండి. విజయవాడ ఆకాశవాణి నాటకాలు వింటూ పెరిగిన తరానికి, గొంతులోని ఒక్క విరుపుతో మనిషి స్వభావాన్ని పట్టుకునే చెవి ఉంది. పైథాన్ బృందం కూడా అటువంటి చెవితో తయారైనదే. 1951 నుంచి 1960 వరకు బీబీసీ రేడియోలో వచ్చిన ‘ది గూన్ షో’ వింటూ పెరిగిన పిల్లలు వారు. జాన్ క్లీజ్, గ్రాహం చాప్‌మన్, ఎరిక్ ఐడిల్ కేంబ్రిడ్జిలో చదివారు. మైకేల్ పాలిన్, టెర్రీ జోన్స్ ఆక్స్‌ఫర్డులో చదివారు. బొమ్మలు చేసిన టెర్రీ గిలియం అమెరికా నుంచి వచ్చినవాడు. ఈ పరిచయం ఇంతకు మించి అక్కరలేదు. “ఇది చాలా గొప్ప హాస్యం, చూడండి” అని మాత్రం ముందు చెప్పకూడదు. ఆ మాట విన్నవారు నవ్వడానికి బదులు పరీక్షించడం మొదలుపెడతారు.

ఇంగ్లీషు అంత బాగా రానివారు ఉంటే, నడుమ నడుమ ఆపి తెలుగులో చెప్పడం వల్ల మేలుకంటే కీడు ఎక్కువ. హాస్యంలో మాటకూ మాటకూ మధ్య ఉండే విరామమే ప్రాణం. దానిని తెగ్గొట్టి అర్థం చెబితే అర్థం మిగులుతుంది, నవ్వు మిగలదు. ప్రతి స్కెచ్‌కూ ముందు మూడు వాక్యాల్లో సందర్భం తెలుగులో చెప్పేయండి. “ఒకతను చిలకను కొన్నాడు. అది చచ్చిపోయి ఉందని తిరిగి తెచ్చాడు. కొట్టువాడు చావలేదంటాడు.” ఇంత తెలిస్తే మిగిలినది ముఖాలే చెబుతాయి.

వరుస విషయానికి వస్తే, మాటలు లేనివాటితో మొదలుపెట్టి మాటలు ఎక్కువ ఉన్నవాటి వైపు నడవాలి. మొట్టమొదట 1972 నాటి చేపల నృత్యం చూపించండి. కాలువ లాకు గట్టు మీద ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి ఉంటారు. పాలిన్ చిన్న చేపలతో గంతులు వేస్తూ వచ్చి క్లీజ్ చెంపల మీద తట్టి వెళతాడు. క్లీజ్ కదలకుండా నిలబడి, తన వంతు వచ్చినప్పుడు ఒక పెద్ద చేపతో ఒక్కటి వేసి అతన్ని నీళ్లలో పడేస్తాడు. అంతా కలిపి అర నిమిషం కూడా ఉండదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ నడుమ పెరిగిన ఊరివారికి ఆ గట్టు కొత్తగా అనిపించదు కూడా. (చూసిన పిల్లలు ఆ సాయంత్రమే కాలువ గట్టుకు బయలుదేరకుండా పెద్దలు చూసుకోవాలి, దానిని పెరట్లో, చేపలకు బదులు అరటి దొప్పలతో ఆడించవచ్చు.)

తరువాత 1970 నాటి వింత నడకల మంత్రిత్వ శాఖ. టోపీ, గొడుగు, చేతిసంచి పట్టుకున్న పొడవాటి అధికారి వీధిలో కాళ్లను తలదాకా విసురుకుంటూ నడిచి ఆఫీసుకు చేరతాడు. పిల్లలు ఆ నడకకే నవ్వుతారు. పెద్దవారు నవ్వేది లోపలికి వెళ్లిన తరువాత: అక్కడ ఒక సామాన్యుడు తన నడకను అభివృద్ధి చేసుకోవడానికి ప్రభుత్వ సహాయం కోరుతూ వచ్చి కూర్చుంటాడు. అధికారి ఆ నడకను చూసి, అందులో వింత చాలదని ఎంతో మర్యాదగా చెబుతాడు. అర్జీ పట్టుకుని కలెక్టరాఫీసు వరండాలో కూర్చున్న ఎవరికైనా ఆ సంభాషణలోని స్వరం పరిచయమే.

మూడవదిగా, 1969 డిసెంబరు 7న ప్రసారమైన చచ్చిన చిలక. దీనిని రెండుసార్లు చూపించాలని నా సలహా. మొదటిసారి అందరూ క్లీజ్‌నే చూస్తారు, ఎందుకంటే అరిచేది, చిలకను బల్లకేసి కొట్టేది అతనే. రెండవసారి పాలిన్‌ను చూడమనండి. కొట్టువాడు అబద్ధం ఆడుతున్నట్టు ఎక్కడా కనిపించడు. అతని కళ్లు ఒక్క క్షణం పక్కకు వెళ్లి, ఒక కొత్త కారణం దొరకగానే వెలిగి, తిరిగి వినియోగదారుడి మీదకు వస్తాయి. పక్షి నిద్రపోతోందంటాడు, దాని ఈకలు ఎంత అందమో చూడమంటాడు, పుట్టిన ఊరి మీద బెంగ పెట్టుకుందంటాడు. ప్రతి జవాబూ కొంచెం సానుభూతితోనే ఇస్తాడు. చావును చూపించే సాక్ష్యం పెరిగేకొద్దీ అతని మర్యాద పెరుగుతుంది. ఈ స్కెచ్ బలమంతా ఆ రెండూ పోటీపడి పెరగడంలో ఉంది.

దీని పుట్టుక కూడా చూసేవారికి చెప్పదగినది. పాలిన్‌కు తెలిసిన ఒక కారు మెకానిక్ ఏ లోపం చూపించినా ఒప్పుకునేవాడు కాదట. ఆ మనిషిని పట్టుకుని 1968లో వేరొక కార్యక్రమం కోసం పాడైన కారును తిరిగి తెచ్చిన కొనుగోలుదారు స్కెచ్ రాశారు. తరువాత అదే ఎముక మీద కారు తీసేసి చిలకను పెట్టారు. కారు పాడైందా లేదా అన్నదానికి వాదన ఉండవచ్చు. చావుకు వాదన ఉండదు. వస్తువు మార్చడంతోనే మామూలు గొడవ కాస్తా లోకమంతా చెప్పుకునే స్కెచ్ అయింది. నాటిక రాయబోయేవారు ఈ ఒక్క మార్పును ఎంతసేపు ఆలోచించినా తక్కువే.

ఆపైన జున్ను కొట్టు, డబ్బు కట్టి వాదన కొనుక్కునే గది, ఈ రెండూ 1972 నాటివి, ఇంగ్లీషు బాగా తెలిసినవారికి సరిపోతాయి. స్పామ్ స్కెచ్‌కు మాత్రం ఒక మాట ముందు చెప్పాలి: రెండవ ప్రపంచ యుద్ధకాలంలోనూ, ఆ తరువాత రేషను ఏళ్లలోనూ ఇంగ్లండులో ఆ డబ్బా మాంసం తప్ప మరొకటి సులభంగా దొరికేది కాదు, తిని తిని విసిగిన జనం ముందు ప్రతి పదార్థంలోనూ అదే కలిపిన హోటల్ పట్టిక చదువుతారు. ఇది తెలియకపోతే ఆ పాట ఉత్త గోలగా వినిపిస్తుంది.

విడి స్కెచ్‌లు నచ్చిన తరువాతే ఒక పూర్తి అరగంట భాగం చూపించాలి. అప్పుడు కొత్త చిక్కు ఎదురవుతుంది. స్కెచ్‌లకు ముగింపు ఉండదు. నవ్వించే చివరి మాట కోసం కథను సాగదీయడం ఇష్టంలేక, ఊహ తీరిపోయిన చోటే ఆపేసి వారు మరొకదానికి వెళ్లిపోయారు. సైనికాధికారి వేషంలో చాప్‌మన్ నడుమ వచ్చి, ఇది మరీ వెర్రిగా తయారైందని ఆపించేస్తాడు; లేదా పాత చిత్రాల నుంచి గిలియం కత్తిరించి కదిలించిన బొమ్మలు తెర మీదకు వస్తాయి. ఆరంభంలో అన్నింటినీ తొక్కేసే ఆ పెద్ద పాదం బ్రాంజీనో అనే ఇటలీ చిత్రకారుడి వర్ణచిత్రంలోని మన్మథుడిది. ఈ తెగింపు మనకు కొత్త కాదని పెద్దవారికి గుర్తుచేయండి. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం రసపట్టులో ఉండగా కేతిగాడు, బంగారక్క వచ్చి తమ పోట్లాట పెట్టుకుంటారు. అష్టావధానంలో పద్యపాదం నడుస్తుండగా అప్రస్తుత ప్రసంగి కూరగాయల ధర అడుగుతాడు, అవధాని దానికీ జవాబు చెప్పి పాదం దగ్గరకు తిరిగి వస్తాడు. ఒకే రకమైన చమత్కారం అని నేను అనను. పైథాన్‌లో తిరిగి రావడం అనేది తరచు ఉండదు. అయినా తెగిపోవడంలోని ఆనందం తెలిసిన ప్రేక్షకులు మనవారు.

మగవారు ఆడవేషం వేసి కీచుగొంతుతో మాట్లాడటం చూసి కొందరు ముఖం చిట్లించవచ్చు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి విన్న ఇళ్లలో ఆడవేషం అంటే సౌందర్యం. పైథాన్ బృందానికి ఆ ఉద్దేశం లేదు. ఆ పాత్రలు కాలనీల్లో కూరగాయల సంచులతో కనిపించే మధ్యవయసు గృహిణుల మాటతీరుకు అతిశయోక్తులు. నిజమైన స్త్రీ కావలసిన చోట చాలాసార్లు కరోల్ క్లీవ్‌లండ్ నటించింది, కానీ ఆమెకు ఇచ్చిన పాత్రలు ఎక్కువగా అలంకారప్రాయమే. అది ఆ కార్యక్రమంలోని లోపమే, దాచవలసిన పనిలేదు. కొన్ని స్కెచ్‌లలో పచ్చి శృంగార ప్రస్తావనలు, ఇతర జాతులవారిని ఎగతాళి చేసే వేషాలు ఉన్నాయి. పిల్లలు కూర్చున్నప్పుడు వాటిని వదిలేయండి. ముందురోజు మీరు ఒక్కరే చూసి ఏరి పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

ఇక నాటిక సంగతి. ముందు చెప్పవలసినది, అనువాదం చేయవద్దు. హక్కుల మాట అలా ఉంచి, చిలక జోస్యం చెప్పేవాడి పంజరంలో చచ్చిన చిలకను పెట్టాలన్న ఆలోచన ప్రతివారికీ మొదట తోస్తుంది. జనం నవ్వుతారు కూడా, కానీ ఆ నవ్వు క్లీజ్, పాలిన్‌లకు చెందినది. మనం తీసుకోవలసినది ఎముక మాత్రమే: ఎదురుగా కనిపిస్తున్న నిజాన్ని ఒకడు మర్యాదగా కాదంటూ ఉండాలి. మన ఊళ్లో అటువంటి మాట రోజూ ఎక్కడ వినబడుతుందో వెతకాలి. వెతికితే టైలరు కొట్టు దొరుకుతుంది. “అయిపోయిందండి, కాజాలు ఒక్కటే మిగిలాయి” అనే మాట బీసెంట్ రోడ్డు సందుల్లోనూ, గుంటూరు అరండల్‌పేటలోనూ వినని కుటుంబం ఉండదు.

వస్తువు మార్చే పాఠం ఇక్కడ పనికివస్తుంది. సగం కుట్టిన ప్యాంటు పెడితే అది మామూలు గొడవ. బల్ల మీద కత్తెర పడని గుడ్డ, కొన్ననాటి మడతతో, ధర చీటీతో సహా పెట్టండి. అప్పుడు మాటలు వాటంతట అవే వస్తాయి.

“మాస్టారూ, ప్యాంటు అయిందా అండీ?”
“ఎప్పుడో అయిందండి. కాజాలు ఒక్కటే మిగిలాయి.”
“ఇది ఇంకా గుడ్డగానే ఉంది కదండీ.”
“ఒకసారి ట్రయల్ చూసుకోండి బాబూ.”

మాస్టారు గుడ్డను విప్పి, అతని నడుముకు చుట్టి, రెండడుగులు వెనక్కి వేసి, తల ఒకవైపు వంచి చూస్తాడు. నడుము దగ్గర కొంచెం వదులుగా ఉందని తానే ఒప్పుకుంటాడు. అది రెండు నిమిషాల పని అంటాడు.

“కాళ్లు ఎక్కడున్నాయండీ?”
“లూజు ఫిట్టింగు అడిగారు కదండీ.”

టైలరు పాత్ర వేసేవారు ఇక్కడ గొంతు పెంచకూడదు, కనుబొమలు ఎగరవేయకూడదు. మెడలో టేపు సర్దుకుంటూ, నోట్లో గుండుసూదులు పట్టుకుని, తన పనితనం మీద ఉన్న గౌరవంతో మాట్లాడాలి. కోపం అంతా కొనుగోలుదారుడిదే. అదీ ఒక్కసారిగా రాకుండా, మొదట సందేహంగా, తరువాత బతిమాలుకోలుగా, చివరికి కేకగా పెరగాలి. అతనికి పెళ్లి ఉందనో, బండి వేళ అయిందనో ఒక తొందర పెడితే ఆ మెట్లు సులభంగా పడతాయి.

రాసినదాన్ని ఒకరే చదువుకుని మురిసిపోకుండా బృందంగా పైకి చదవాలి. పైథాన్ సభ్యులు అదే చేసేవారు: క్లీజ్, చాప్‌మన్ ఒక జంటగా, పాలిన్, జోన్స్ మరొక జంటగా, ఐడిల్ ఒంటరిగా రాసుకువచ్చి, ఒక గదిలో కూర్చుని చదివేవారు, మిగిలినవారు నవ్వితే ఉండేది, నవ్వకపోతే పోయేది. మీ బృందంలోనూ రాసినవారికి వాదించే హక్కు ఇవ్వకండి. నవ్వురాని వాక్యం ఎంత తెలివైనదైనా తీసేయాలి. నాలుగు నిమిషాలకు మించిన భాగాన్ని నేను నమ్మను. రాతలో రెండు పేజీలు దాటితే ఏదో ఒక మెట్టు రెండుసార్లు ఎక్కుతున్నట్టే.

ముగింపు దొరకలేదని బెంగపడవలసిన అవసరం లేదు. అక్కడ సైనికాధికారి చేసిన పనికి మన దగ్గర సభాధ్యక్షుడు ఉన్నాడు. కొనుగోలుదారుడు గుడ్డ చుట్టుకుని కేకలు వేస్తుండగా, ఖద్దరు పంచెతో ఒక పెద్దమనిషి రెండో పక్క నుంచి వేదిక ఎక్కి, మైకు సరిచూసుకుని, సమయాభావం వల్ల ఇంతటితో విరమించవలసిందిగా పాత్రధారులను కోరి, టైలరుకు శాలువా కప్పి, పుష్పగుచ్ఛం ఇచ్చి, వందన సమర్పణకు తరువాతి వ్యక్తిని ఆహ్వానిస్తే చాలు. ఆ వందన సమర్పణ చేసేవాడే రెండవ స్కెచ్‌లో మొదటి పాత్ర కావచ్చు. అధ్యక్షుడి వేషానికి నిజంగా సభలు నడిపిన అనుభవం ఉన్నవారు దొరికితే వారినే అడగండి. ఆ వాక్యాలు వారి నోట సహజంగా వస్తాయి.

మొదటి ప్రదర్శన అపార్టుమెంటు మేడ మీదో, కాలేజీ వార్షికోత్సవంలోనో పెట్టుకోండి. అక్కడ నిలబడిన తరువాత గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయం వేదిక గురించో, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరం గురించో ఆలోచించవచ్చు. పెద్ద హాలులో ఈ రకం నాటికకు కావలసింది సెట్టింగు కాదు, చివరి వరుసకు కూడా మామూలు గొంతు వినిపించే మైకు, ఎందుకంటే గొంతు చించుకుని చెప్పాల్సి వస్తే టైలరు నిబ్బరం పోతుంది. మైకు పరీక్షను ఖాళీ హాలులో చేసి సరిపెట్టుకోకుండా, జనం నిండి ఫ్యాన్లు తిరుగుతున్నప్పుడు, నాటికకు ముందు అంశం నడుస్తుండగా వెనుక వరుసలో ఒకరిని నిలబెట్టి మరొకసారి చూసుకోవాలి.